పచ్చ పీలిక, ఎర్ర పీలిక

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్‌లో నా మాట నమ్మినవాళ్ళు లేరు. మా స్టేషన్ ప్లాట్‌ఫారం ఈ చివర టీ కొంటే ఆ చివరకు నడిచేలోపు గ్లాసులో మీగడ కట్టేస్తుందని చెప్పేదాన్ని. మలంచా రోడ్డు మీద ఒక గేదె బస్సు ఆపి, కండక్టరుతో బెంగాలీలో టిక్కెట్టు బేరమాడిందని చెప్పేదాన్ని. అందరూ నవ్వేవారు. ఆ నవ్వు కోసమే నా కోతలన్నీ. నమ్మనివాళ్ళకు చెప్పే అబద్ధంలో పాపం ఉండదని నా ధీమా.

మా రైల్వే క్వార్టరు పక్కింట్లో ఒక మామ్మ ఉండేది. కొడుకు రైల్వే ఆఫీసులో గుమాస్తా. ఊళ్ళో ఏ తెలుగువాళ్ళింట పెళ్ళయినా విస్తట్లో అప్పడం మామ్మ చేతిదే అయి ఉండాలి. వాళ్ళు ఇంటికొచ్చి అడగడమే ఆవిడకు పండగ.

ఆ అప్పడాలకన్నా ఆవిడ తుడుపుగుడ్డల ముచ్చట ఇంకా గొప్పది. చనిపోయిన భర్త రైలు గార్డు కాబట్టి, మామ్మ గుడ్డలకు కూడా సిగ్నళ్ళు పెట్టింది. మూలకు పచ్చ పీలిక కుట్టినవి అప్పడాల పీటకి, పొయ్యిగట్టుకి. ఎర్ర పీలిక కుట్టినవి నేలకి. ఎర్రది వంటింటి గడప దాటకూడదు. "సిగ్నల్ దాటితే ఏటవుద్దే గుంటా? ఏక్సిడెంటే!" అనేది. ప్రతి ఆదివారం వాటిని వేరువేరు గిన్నెల్లో బట్టల సోడా వేసి ఉడకబెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించి, వేరువేరు దండేల మీద ఎండలో ఆరేసేది. నీడన ఆరిన గుడ్డ కంటే ఉతకని గుడ్డే నయమనేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మలంచాలో ఒకరింట పెళ్ళి కుదిరింది. అప్పడాలు మామ్మే ఒప్పుకుంది. పచ్చి అప్పడాల పిండికి నూనె అద్దుకుని తినడమంటే నాకు ప్రాణం. బురద కాళ్ళతో పరిగెత్తాను. "కాళ్ళు కడుక్కుని రాయే, పందిపిల్లా!" అని గడప అవతలే నిలబెట్టేసింది. కడుక్కుని వచ్చేసరికి ఆఖరి ముద్ద కూడా పీటెక్కేసింది.

ఆ ఉక్రోషం సాయంత్రానికీ చల్లారలేదు. అమ్మ వెంట పెళ్ళివారింటికి వెళ్ళాను. ఆడవాళ్ళు బియ్యం ఏరుతున్నారు. వాళ్ళ మధ్య కూర్చుని, "మామ్మ అప్పడాల పీట ఎర్ర గుడ్డతో తుడిసినాది, నేను సూసినాను" అన్నాను. ఈసారి గేదె లేదు, బస్సు లేదు. ఎవరూ నవ్వలేదు. నా పెద్ద అబద్ధాల్లో ఒక్కటీ ఎవరింటి గుమ్మంలోకీ పట్టేది కాదు. ఇది చిన్నది, నిజమంత సైజులో ఉంది, నేరుగా లోపలికి వెళ్ళిపోయింది. పెళ్ళికూతురి తల్లి ఏరుతున్న చేట పక్కన పెట్టి, "ఠీక్ హై, ఆవిడికేటీ సెప్పకండి. అప్పడాలు ఖరిదా బజార్లో కొనేద్దాం" అంది.

చెప్పొద్దన్న మాటకు కాళ్ళెక్కువ. మర్నాడు పొద్దున్నే మామ్మ నన్ను పిలిచింది. నాలుగు తగులుతాయని సిద్ధపడే వెళ్ళాను. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని రెండు గుడ్డలను వెలుతురులోకి ఎత్తి చూసుకుంటోంది. ఏళ్ళ తరబడి ఉడికి పీలికలు రెండూ వెలిసిపోయి ఉన్నాయి.

"కొట్టను, భయపడకు. నువ్వు నిజంగా సూసినావేటే?"

లేదు అన్న ఒక్క మాట. నోటిదాకా వచ్చింది. అది అంటే పెళ్ళివారింట కావాలనే అబద్ధమాడానని తేలిపోతుంది.

"సూసినాను మామ్మా. పీటంతా తుడిసినావు."

ఆవిడ ముఖంలో కోపం వస్తుందనుకున్నాను. భయం వచ్చింది. "అయితే నా కళ్ళు పోనాయే. గార్డుగారి పెళ్ళాన్ని, ఎరుపేదో పచ్చేదో తెలీకుండా పోనాది" అంది. గుడ్డలు ఒళ్ళో పెట్టుకుని నా తల నిమిరి, "నువ్వు సెప్పినావు కాబట్టి సరిపోనాది తల్లీ. లేపోతే అంతమంది సేతా తినిపించేద్దును" అంది.

తనే నడిచి పెళ్ళివారింటికి వెళ్ళి తప్పయిపోయిందని చెప్పి వచ్చింది. పీట అటకెక్కింది. కొడుకు కళ్ళ డాక్టరుకు చూపించాడు. వయసుకు తగ్గ చూపే ఉందన్నాడాయన. మామ్మ డాక్టర్ని నమ్మలేదు, నన్ను నమ్మింది. ఆ తర్వాత ఎవరు బతిమాలినా ఒక్క అప్పడం ఒత్తలేదు.

అప్పటినుంచి ఆదివారాలు గుడ్డలు వేరు చేసే పని నాకు అప్పగించింది, నా కళ్ళు మంచివని. సోడా ఎంత వెయ్యాలో, మరిగే గిన్నెలోంచి కర్రతో గుడ్డ ఎలా తియ్యాలో, పిండేటప్పుడు ఎంత మెలి తిప్పాలో అన్నీ ఆవిడే నేర్పింది. పక్కపక్కన కూర్చుని జాడించేవాళ్ళం. ప్రతి వారం చెప్పేద్దామనుకునేదాన్ని. మొదట్లో దెబ్బలకు భయం. తర్వాత్తర్వాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే అంటే ఏమనాలో తెలియక. మూడేళ్ళకు కొడుక్కి బదిలీ అయి వాళ్ళు వెళ్ళిపోయారు. రైలు కదిలేటప్పుడు కూడా నేను చెయ్యి ఊపానే తప్ప నోరు తెరవలేదు.

కోతలు ఇప్పటికీ కోస్తూనే ఉన్నాను, మానలేదు. మా ఇంట్లో పిల్లలు అందుకే నా చుట్టూ చేరతారు. కానీ ఎంత నవ్వులాటలో ఉన్నా, వాళ్ళలో ఒకరు ఆగి, "నువ్వు నిజంగా చూశావా?" అని అడిగారంటే, కథ అక్కడే విరిగిపోయినా సరే, "లేదమ్మా, చూడలేదు" అనేస్తాను. ఒక్క మనిషికి చెప్పాల్సిన జవాబును ఇన్నేళ్ళుగా అడిగిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను.