నెమ్మదిగా ఎక్కించవలసిన ఇంజెక్షన్

వెంకటరత్నం మాస్టారికి చెవుడు వయసు వల్ల రాలేదు. ఆ సంగతి తెలిసీ నేను చాలాకాలం నోరు విప్పలేదు. ఇవాళ ఒక ట్యూషన్ సెంటరు పక్కనుంచి వస్తుంటే పిల్లలంతా ఒక్క గొంతుతో ఎక్కాలు చదువుతున్నారు. ఆయన వరండా గుర్తొచ్చింది.

సామర్లకోటలో ఆయన మాకు లెక్కలు చెప్పేవారు. సాయంత్రం మేమంతా గోలగా ఎక్కాలు అప్పజెబుతుంటే పడక్కుర్చీలో కళ్లు మూసుకుని వినేవారు. అంత గోలలోనూ తప్పు ఎవరిదో ఆయన చెవికి తెలిసిపోయేది. నేనొక వరస వదిలేస్తే, "సత్తిబాబూ, గెంతేవు. మళ్లీ మొదట్నుంచి," అనేవారు. కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు. టెన్త్ తప్పి తిరుగుతున్న నన్ను ఒక నర్సింగ్‌హోమ్‌లో కాంపౌండరు పనికి కుదిర్చిందీ ఆయనే.

తొంభైల చివర్లో మూత్రపిండాలు దెబ్బతిని, కాళ్లు వాచి, ఆయనే అక్కడ చేరారు. ఒంట్లో నీరు దిగడానికి డాక్టరుగారు పెద్ద మోతాదులో ఇంజెక్షన్ రాశారు. "నెమ్మదిగా ఎక్కించవయ్యా. తొందరపడితే చెవులకు ప్రమాదం," అని నాకు మరీ మరీ చెప్పారు. బయట జనం కిక్కిరిసి ఉన్నారు. పైగా చిటికెలో సూది తీసేస్తే 'సత్తిబాబుది తేలిక చెయ్యి' అని మెచ్చుకునేవారు మా ఊరివాళ్లు. ఆ పేరంటే నాకు మోజు. ఒక్క ఊపున ఎక్కించేశాను.

మర్నాడు మాస్టారు, "చెవుల్లో రైలు కూత ఆగట్లేదురా. డాక్టరుగారితో చెప్పనా?" అన్నారు.

"నీరసమండి. అదే తగ్గిపోద్ది," అన్నాను. ఉద్యోగం పోతుందని భయం. ఆ తర్వాత నెమ్మదిగానే ఇచ్చాను గానీ, మందు ఆగలేదు. చెప్పి ఉంటే డాక్టరుగారు మార్చేవారేమో.

వాపు తగ్గి ఇంటికెళ్లారు. వినికిడి మాత్రం తిరిగి రాలేదు; గట్టిగా అరిస్తే తప్ప వినబడేది కాదు. వరండాలో పిల్లలు ఉత్తినే పెదాలు ఆడించడం మొదలుపెట్టాక ట్యూషన్ మానేశారు. పిలిచినా పలకరని, పొగరని వీధిలో అనుకున్నారు. అది పొగరు కాదు.

కొన్నేళ్ల తర్వాత ఆయన ఇంటికి వెళ్లి, ఆయన చెవి దగ్గర వంగి, మెల్లగా చెప్పాను.

"వినబడదురా, గట్టిగా చెప్పు."

గొంతు పెంచాను. "ఇంజెక్షన్ తొందరగా ఇచ్చేశానండీ!" వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు వదిలి ఇటు చూశారు.

మాస్టారు నా మొహంలోకే చూస్తూ, "గెంతేవు. మళ్లీ మొదట్నుంచి," అన్నారు.

డాక్టరుగారి హెచ్చరిక, నా మోజు, నీరసమన్న అబద్ధం, ఏదీ గెంతకుండా వీధంతా వినేలా అరిచి చెప్పాను. "తెలిసే దాచానండీ. క్షమించండి మాస్టారూ."