చీపురుపల్లి స్టేషన్‌లో ఇంగ్లీషు పాఠం

చీపురుపల్లి స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా పక్క బల్ల మీద ఒక నడివయసు ఆడమనిషి ఆరేళ్ల పిల్లకు ఇంగ్లీషు నేర్పుతోంది. పిల్ల కొత్త గౌను వేసుకుంది, కాళ్లకు చెప్పుల్లేవు.

"ఆళ్లు అడిగితే ఏటి సెప్పాల?"

"గుడ్ గర్ల్. నో క్రయింగ్. ఓన్లీ చైల్డ్." పిల్ల ఆగింది. "నాకు సెల్లి ఉన్నాది కదా?"

"ఈయేల నుంచి నేదు. మర్సిపో."

నేను పేపరు మడిచి, ఎక్కడికమ్మా అన్నాను. విశాఖలో పిల్లల్లేని పెద్దింటివాళ్లు పెంచుకుంటారని ఆమె సంతోషంగానే చెప్పింది. మా వైపు బిడ్డను చుట్టాలకు పెంపకానికివ్వడం కొత్త కాదు. అయితే కన్నవాళ్లే వెంట వెళ్లి, పెంచుకునేవాళ్ల ఒళ్లో కూర్చోబెట్టి వస్తారు.

"తల్లి రాలేదా?"

"దానికి ఒంట్లో బాగోనేదు బాబూ. ఇంగ్లీషు మాటలాడితే ఆళ్లకి ముద్దొస్తాదని నేర్పుతన్నాను. మీకేటి ఇబ్బంది?"

ఇద్దరి దగ్గరా ఒక్క సంచీ కూడా లేదు. నేను పిల్ల వైపు వంగి, "నీ పేరేంటమ్మా?" అన్నాను.

పిల్ల నన్ను చూడలేదు. ఆమె ముఖంలోకి చూసి మెల్లగా అడిగింది.

"ఏ పేరు సెప్పాల?"

నేను లేచి బయటికి నడిచాను. ప్లాట్‌ఫాం చివర ఉన్న రైల్వే పోలీసును వెంటబెట్టుకుని వచ్చేసరికి రైలు కదిలిపోతోంది. బల్ల మీద పిల్ల ఒక్కతే ఉంది. ఏడవడం లేదు. పోలీసాయన దగ్గరికి రాగానే లేచి నిలబడి, గౌను సర్దుకుంది.

"నాన్నంటే నువ్వేనా?" అంది.