బోణీ కాని కంప్యూటర్

అబిగయీలు మూడేళ్లు జువ్వలదిన్నెలో రాఘవమ్మ గారి చేపల షెడ్డులో రొయ్యలు ఒలిచింది. ఐసు నీళ్లలో నాని నాని వేళ్లు కొయ్యబారిపోయేవి. సాయంత్రాలు కావలి వెళ్లి కంప్యూటర్ నేర్చుకుంది. ఆ తర్వాత రాఘవమ్మను నెలల తరబడి బతిమాలి, తూకం చీటీలు కంప్యూటర్‌లో కొట్టే పద్ధతి పెట్టించింది. దాంతో ఆమెకు కుర్చీ వచ్చింది, నెత్తిన ఫ్యాను వచ్చింది. ఆ సుఖం రొయ్యలు ఒలిచినవాళ్లకే తెలుస్తుంది.

రాఘవమ్మ మాత్రం ఆ యంత్రాన్ని ఏనాడూ నమ్మలేదు. వేట నిషేధం ముగిసి పడవలు తిరిగొచ్చే రోజున ముందే చెప్పేసింది. "ఈ పొద్దు గాని ఇది మొరాయించిందా, దీన్ని అటక మీదికి, నిన్ను రొయ్యల కాడికి పంపిస్తా."

సరిగ్గా ఆ రోజే మొరాయించింది. మొదట వచ్చిన పడవ పెంచల్‌ది. తట్టల నిండా వంజరం చేపలు దిగాయి. అబిగయీలు బరువు కొట్టి సేవ్ నొక్కగానే తెర మీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి: మొదటి చీటీ వేరొకరు వాడుతున్నారు, కాసేపు ఆగండి. ఆగి నొక్కింది. మళ్లీ అదే పాట. చీటీ లేనిదే చేపల వ్యాను కదలదు. తట్టల్లో ఐసు కరిగి కాళ్ల కింద పారుతోంది.

ఆ ప్రోగ్రాం రాసిన సుకుమార్ నెల్లూరులో ఉంటాడు. ఫోన్ చేస్తే, "ఆపి మళ్లీ వెయ్యండక్కా" అన్నాడు. కంప్యూటర్లవాళ్లకు ఆ మంత్రం తప్ప రెండోది రాదు. వేసింది. తెర బుద్ధిగా వచ్చి, ఆమె పెంచల్ పేరు కొట్టేలోపే ఎర్రబడింది. వైర్లు పీకి పెట్టింది. మళ్లీ ఎర్రబడింది. ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

"ఎవరో మొదటి చీటీ తెరిచి, సేవ్ చెయ్యకుండా అట్టే పెట్టుకోనుండారక్కా. అది వదిల్తే గాని వెనకవి కదలవు. ఇంకో కంప్యూటర్ యాడుండాది?" అన్నాడు సుకుమార్.

లోపలి గదిలో, ముసలి గుమాస్తా కామాక్షయ్య దగ్గర ఉంది. అబిగయీలు పరుగెత్తింది. అక్కడ కంప్యూటర్‌కు పసుపు, కుంకుమ, పైన ఒక మందారం. తెర మీద ఖాళీ చీటీ. దాని ముందు కామాక్షయ్య చేతులు జోడించి కూర్చున్నాడు.

"పెదనాయనా, ఆ చీటీ తెరిచింది మీరేనా?"

"నేనే. అది ఊరికే మూసుకుపోతా ఉండాది, నేను మళ్లీ తెరస్తానే ఉండా. సీజన్‌లో మొదటి చీటీ, బోణీ కాకుండా ఎట్టా మూసేది? బయట ఒక్క తూకం పడనీ, మూసేస్తా."

"మీరు మూస్తే గదా తూకం పడేది."

"తూకం పడితే గదమ్మా నేను మూసేది."

ఏడుపు రావాల్సిన చోట అబిగయీలుకు నవ్వొచ్చింది. అంతలో వాకిట్లో రాఘవమ్మ గొంతు వినబడింది. ఇప్పుడు నిజం చెప్తే తన కుర్చీ నిలుస్తుంది. కానీ పండగలాంటి రోజున ఈ పెద్దాయన అందరి ముందూ తిట్లు తింటాడు. అందుకు ఆమెకు మనసొప్పలేదు.

"పెంచలన్నా, ఒక తట్ట ఇట్టా పట్టకరా" అని కేకేసింది. "బోణీ ఈడే చేస్తాం. పెదనాయనా, నేను చెప్తా, మీరు కొట్టండి."

"నా చెయ్యి వద్దమ్మా. పోయినేడు నేను బోణీ చేస్తే వారం తిరక్కుండా తుపాను. నువ్వే కొట్టు."

ఆయన ముందే, ఆయన తెరిచిన చీటీలోనే, పెంచల్ పేరూ వంజరం బరువూ కొట్టి సేవ్ నొక్కింది. చీటీ బయటికొచ్చింది. కామాక్షయ్య దాన్ని కళ్లకద్దుకున్నాడు. ఆ తర్వాత అన్ని తూకాలూ చకచకా సాగాయి. ఆ పూట పడవలు కూడా నిండుగానే వచ్చాయి.

సాయంత్రం కామాక్షయ్య రాఘవమ్మతో, "ఆ పిల్లది మంచి చెయ్యి. కుర్చీలోనుంచి కదిలిచ్చొద్దు" అన్నాడు. రాఘవమ్మ యంత్రాలను నమ్మదు గానీ మంచి చేతిని నమ్ముతుంది. ఆ రోజు నుంచి రొయ్యల మాట ఎత్తలేదు.

డిసెంబరులో అబిగయీలు క్రిస్మస్‌కు సెలవడిగింది. "పండగ చేసుకో, ఎవరు కాదన్నారు? పొద్దున్నే వచ్చి బోణీ చేసిపో" అంది రాఘవమ్మ. పండగనాడు అబిగయీలు చర్చికి వెళ్లే కొత్త చీరతోనే వచ్చి, వెచ్చటి వేళ్లతో మొదటి చీటీ కొట్టి వెళ్లింది.