స్నానాల నీళ్ళ దారి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా అసహ్యం ఎక్కువ నాకే. పాల మీద మీగడ కనిపిస్తే మళ్ళీ వడకట్టించేదాన్ని. కాఫీలో చీమ పడితే గ్లాసు మార్చి ఇచ్చినా తాగేదాన్ని కాదు. వీటన్నిటికన్నా రోత పుట్టించింది చల్లపల్లిలో మా దొడ్లోని అరటి గుంపు. స్నానాల గది నుంచి నాయనమ్మ చిన్న బోదె తీయించి, ఒళ్ళు రుద్దుకున్న నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు అన్నీ అటే పంపేది. ఆ బురదలో అరటి, చేమ, మెట్టతామర ఒత్తుగా పెరిగేవి. ఇంటికి కావలసిన కూర, విస్తరి అక్కడివే. కుంకుడు నురగ తాగిన ఆ అరటికాయ కూర మాత్రం నా కంచంలో వేయనిచ్చేదాన్ని కాదు.

అప్పుడే మా బాబాయికి పెళ్ళి కుదిరింది. గుడివాడ నుంచి పెళ్ళివారు వచ్చేలోగా అరట్లు నరికించి, దొడ్డంతా సిమెంటు చేయిస్తానన్నాడు. నేను గంతులేశాను. నాయనమ్మ ముఖం చిన్నబోయింది కానీ గొడవ పడలేదు. “పచ్చివి నరికితే బట్టలన్నీ మరకలేరా. ముందు నీళ్ళు ఆపుదాం, అవే ఎండుతాయి” అని బోదెకు అడ్డంగా ఒక ఇటుక పెట్టి, మట్టి మెత్తింది.

ఇక నీళ్ళు స్నానాల గది గుమ్మంలోనే నిలిచాయి. మొదట సబ్బు తెట్టె కట్టింది. తర్వాత ఆకుపచ్చ జిగురు పట్టింది, అందులో తోకలాడించే పురుగులు. స్నానం చేసి బయటికి వస్తే పాదం పెట్టాల్సింది అందులోనే. కాలివేళ్ళ మధ్య ఆ జిగురు జారడం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కంపు వంటింట్లోకి కూడా వచ్చి అన్నం ముద్ద గొంతు దిగేది కాదు. నాయనమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు భోంచేసేది.

సిమెంటు పోస్తే ఈ పీడ పోతుందన్నాడు బాబాయి.

“సిమెంటు నీళ్ళు తాగుద్దేంట్రా? మన నేలే తాగదు, రెండు జానలు తవ్వితే ఊట. ఇన్నాళ్ళూ తాగింది ఆ అరట్లే” అంది నాయనమ్మ.

మర్నాడు బాబాయి ఇస్త్రీ ప్యాంటుతో గుమ్మంలో జారి, సరిగ్గా ఆ తెట్టెలో కూలబడ్డాడు. లేచి, ముక్కు మూసుకుని వెళ్ళి ఇటుక తనే పీకేశాడు. సాయంత్రానికి గుమ్మం ఆరింది. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని అరట్ల మధ్య నిలబెట్టి, వాసన చూడమంది. భయంభయంగా పీల్చాను. తడిమట్టి వాసన తప్ప ఇంకేమీ లేదు. పెళ్ళివారికి ఆ ఆకుల్లోనే వడ్డించారు. నేనూ వాళ్ళ పక్కన కూర్చుని అరటికాయ కూర వేయించుకున్నాను.

మొన్న బందరులో మా తమ్ముడి కొడుకు కట్టుకున్న కొత్త ఇంటికి వెళ్ళాను. గోడ నుంచి గోడ దాకా టైల్స్, మధ్యలో ప్లాస్టిక్ పచ్చిక. దాని కింద వాన నీళ్ళు కుళ్ళుతున్నాయి. అడుగు వేస్తే నల్లటి నీళ్ళు చెప్పుల్లోకి చిమ్మాయి. వచ్చినవాళ్ళంతా ఎంత నీటుగా ఉందోనని మెచ్చుకుంటున్నారు. నాకు డోకొచ్చినంత పనైంది.

ఈ వయసులోనూ నా అసహ్యం తగ్గలేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు దొడ్డివైపు నడిచి, స్నానాల నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తాను. వాటిని తాగడానికి ఒక్క అరటి చెట్టయినా కనిపించకపోతే, ఆ ఇంట నాకు అన్నం సయించదు.