ఎముకలక్క నుదుటి బుడిపె

ఆ ఆస్పత్రి ల్యాబ్‌లో ఆవిడ అసలు పేరు ఎవరికైనా గుర్తుందో లేదో అనుమానమే. అందరికీ ఎముకలక్కే. డాక్టర్లు పంపిన ఎముక ముక్కల్ని ఆసిడ్‌లో నానబెట్టి, మెత్తబడ్డాక ఉల్లిపొర కన్నా పలుచగా కోసి, రంగులద్ది గాజు పలకల మీద పరచడం ఆవిడ పని. ఎముక కనబడిందా, ముందు ఆసిడ్‌లో పడాలి, కబుర్లు తర్వాత. కొత్తగా చేరినవాళ్లకు ఆవిడ నేర్పే మొదటి పాఠం ఇదే.

ఆవిడ ఎడమ కనుబొమ్మ మీద చిన్నప్పటి నుంచీ ఒక బుడిపె ఉంది. ఎవరైనా అడిగితే, "తెలివి లోపల పట్టక పైకొచ్చింది" అనేది. ఈమధ్య అది కంటిమీదికి దిగడంతో చెక్కించుకోక తప్పలేదు. ఆపరేషనంటే ఆవిడకు బెదురు లేదు. బెంగంతా కడుపుతో ఉన్న కూతురి గురించే. ఇలాంటి బుడిపెలు కట్టే జబ్బుల్లో వంశంలో దిగేదీ ఉంది, దిగనిదీ ఉంది. ఈవిడది వాటిలో ఏదో తేలాలంటే ఎముకలోని జన్యువును చదవాలన్నాడు సర్జన్.

మత్తు వదలగానే ఆవిడ నోట వచ్చిన మొదటి మాట, "ముక్కంతా ఆసిడ్‌లో వేసెయ్యలేదు కదా?"

ఆసిడ్ ఎముకలోని సున్నంతో పాటు జన్యువునూ పాడుచేస్తుంది. కొంత ముక్క విడిగా ఉంచమని ల్యాబ్‌లో చెప్పాలనుకుంటూనే, కంగారులో మరిచిపోయి థియేటర్‌లోకి వెళ్లిపోయింది మహాతల్లి. కూతురు గబగబా ల్యాబ్‌కు ఫోన్ కలిపి ఆవిడ చేతికిచ్చింది.

"మొత్తం వేసేశానక్కా," అంది అవతల తోటి టెక్నీషియన్. "మీరేగా నేర్పింది!"

ఎముకలక్కకు తన్నుకొచ్చిన ఏడుపు సగంలో ఆగింది. "చెక్కేటప్పుడు రాలిన పొడి! నీళ్లతో పాటు దాన్ని గొట్టంతో పీల్చి పట్టిన సీసా పారబోశారా?" అంటూ తలకట్టుతోనే లేచి కూర్చుంది. నర్సు పరుగెత్తింది. సీసా అప్పటికే సింకు దాకా వెళ్లిందట, ఆయా మూత తీస్తోందట. ఆ ఎర్రటి నీళ్లు వడకడితే చిటికెడు పొడి మిగిలింది. జన్యువు చదవడానికి ఆ చిటికెడే చాలింది.

ఫలితం వచ్చిన రోజు సర్జన్ తల్లీకూతుళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఎముక కట్టమని బయటి నుంచి కబురొస్తే, దాన్ని కణం లోపలికి అందించి ఊరుకోవాల్సిన ప్రోటీన్ ఒకటుందమ్మా. మీ బుడిపెలో అది ఊరుకోదు, అందిస్తూనే ఉంటుంది. దాంతో కణాలు ముదరకుండానే పెరిగి, గట్టి ఎముకకు బదులు నారలాంటిది కడుతున్నాయి."

"వెళ్లొస్తానన్నాక కూడా గుమ్మంలో గంటసేపు మాట్లాడే మా పిన్నిలాగా," అంది కూతురు.

"అచ్చం అంతే," నవ్వాడు సర్జన్. "కానీ ఆ మార్పు బుడిపెలోనే ఉంది, రక్తంలో లేదు. మీరు మీ అమ్మ కడుపులో ఉండగా ఏదో ఒక్క కణంలో జరిగింది. ఆవిడ మీకిచ్చిందీ కాదు, మీరు మీ అమ్మాయికిచ్చేదీ కాదు. క్యాన్సర్ అసలే కాదు."

ఎముకలక్క సంతోషం పట్టలేక భోరుమంది.

"నీ తల దువ్వినప్పుడల్లా నుదురు తడిమి చూసేదాన్నే," అంది వెక్కుతూ.

"తెలుసమ్మా. స్కూల్లో అద్దం ముందు నేనూ తడుముకునేదాన్ని. చెబితే నువ్వు బాధపడతావని చెప్పలేదు."

ఆవిడ చెయ్యి మళ్లీ కూతురి నుదుటిమీదికి పోయింది. కూతురు ఆ చేతిని కిందికి లాగి కడుపు మీద పెట్టుకుంది.

"ఇక్కడ చూడు. పొద్దుట్నుంచీ ఒకటే తన్నులు."

ఎముకలక్క కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి నవ్వేసింది. "ఇది మాత్రం వంశంలో దిగిందే. నువ్వూ నన్ను ఇలాగే తన్నావు!"