ఇచ్చి కూడా వదలని కారు

కారు దానం చేశాననే మాట ధర్మవరంలో నాకు ఇంకా గౌరవం తెచ్చిపెడుతూనే ఉంది. నా పట్టుచీరల అంగడికి వచ్చేవాళ్లు ఆ మాటెత్తి దండం పెడతారు. ఆ దండం చేరవలసింది పెనుకొండలోని ఒక సిస్టరమ్మకు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె నర్సుగా పనిచేసి రిటైరైంది. చుట్టుపక్కల పల్లెల్లో కిడ్నీలు పాడైనవాళ్లను డయాలసిస్ కోసం హిందూపురం తీసుకెళ్లి, మళ్లీ ఇళ్లకు చేర్చడానికి నలుగురిని కూడగట్టి చిన్న ట్రస్టు పెట్టింది. బండి కోసం వెతుకుతోందని విన్నాను.

అప్పుడే నేను కొత్త కారు కొన్నాను. పాతది కూడా విదేశీ కంపెనీదే. బయటికి జీపులా ఎత్తుగా ఉండేది, లోపల అంతా మెత్తని తోలు సీట్లు. బెంగళూరులో దానికి చెప్పిన ధర వింటే నాకు చిన్నతనమనిపించింది. అంత తక్కువకు అమ్ముకోవడం కంటే దానమిస్తే పేరైనా వస్తుందనుకున్నాను. దయ ఆ ఆలోచనలో చివరన వచ్చి చేరింది.

అంగడి ముందు షామియానా వేయించి తోటి వ్యాపారులందరినీ పిలిచాను. తాళాలు ఇస్తూ మైకులో, "ఈ బండిని ఎప్పటికీ అమ్మకూడదు, మా నాయన పేరు మీద తిరుగుతూనే ఉండాలి" అన్నాను.

"అమ్మం సార్. మాటిస్తాండా" అంది సిస్టరమ్మ, అందరూ వినేలా.

ఆ రోజే కొందరు రోగులను ఎక్కించి ఫొటోలు తీయించాను. వాళ్లు చెప్పులు కిందే విడిచి కారెక్కారు. బండి కదిలాక అవి రోడ్డు పక్కన వరుసగా మిగిలిపోయాయి. "గుడి ముందర ఇడిచినట్ల ఇడిచినారు సూడన్నా" అని ఎవరో అంటే మురిసిపోయాను. మా అంగడి పనివాడు వాటిని సంచిలో వేసుకుని మోపెడ్ మీద వాళ్ల వెంటపడ్డాడు.

కొన్ని నెలల తర్వాత హిందూపురంలో పెళ్లికి పోతూ పెనుకొండలో టీ కోసం ఆగాను. బస్టాండులో సిస్టరమ్మ కనబడింది. గోరంట్ల వైపు పల్లె నుంచి వచ్చిన ఒక రైతును పట్టుకుని బస్సు ఎక్కించాలని చూస్తోంది. మెట్టు దగ్గర తోపులాట. అతను డయాలసిస్ సూదులు గుచ్చే చేతిని ఛాతీకి హత్తుకుని వెనక్కి జరిగాడు. బస్సు వెళ్లిపోయింది.

"ఏమ్మా, కారు యాడ?" అన్నాను.

"ఉండాది సార్. బాగుండాది."

"బాగుంటే బస్సెందుకు?"

ఆమె బస్సు పోయిన వైపు చూసింది. "చెప్పు సిస్టరమ్మా, ఆయప్పేమన్నా కొడతాడా?" అన్నాడు రైతు.

"స్టీరింగు ముందర మీటర్ల కాడ ఏదో లైటు ఎలిగింది సార్. ఈడ మెకానిక్కులెవురూ మేము ముట్టుకోమన్నారు. బెంగుళూరులో రిపేరుకు అడిగిన దుడ్లు మా తాహతు కాదు. పైగా ఆ ఎత్తుకు ఇద్దరం పట్టుకుని లేపితే గానీ వీళ్లు ఎక్కలేరు. చర్చి పక్కన షెడ్డులో కవరు కప్పి పెట్టినాం. మీరెప్పుడన్నా వస్తే దుమ్ముతో కనపడకూడదని వారం వారం కడిగిస్తాండాం."

"నాకెందుకు చెప్పలేదు?"

"అంత ప్రేమగా ఇచ్చినారు. పనికిరాలేదని యా నోటితో చెప్పేది?"

"అమ్మేయొచ్చుగా?"

"మాటిచ్చినా గదా సార్."

నాకు ముందు వచ్చింది కోపమే. నా కారును వాడుకోవడం వీళ్లకు చేతకాలేదనుకున్నాను. రిపేరు నేనే చేయిస్తానన్నాను.

"ఇప్పుడు చేయిస్తారు. మళ్లా లైటు ఎలిగితే మళ్లా మీ వాకిట్లో నిలబడాల" అంది.

డయాలసిస్‌కు ఆలస్యమవుతుందని ఇద్దరినీ నా కొత్త కారులో హిందూపురం తీసుకెళ్లాను. పెళ్లి చూసుకుని, సాయంత్రం ఆసుపత్రి దగ్గర మళ్లీ ఎక్కించుకున్నాను. దారిలో రైతు ఉన్నట్టుండి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను కారు ఆపేలోపే వాంతి అయిపోయింది. ఒక్క చుక్క సీటు మీద పడలేదు. అంతా తువ్వాల్లోనే పట్టి, మూటలా మడిచి, ఒళ్లో పెట్టుకున్నాడు.

"తప్పైపాయప్పా. నీ కారుకేం కాలేదు, సూసుకో" అన్నాడు.

నా పాత కారులోనూ వీళ్లు ఇలాగే బిగుసుకుని కూర్చుని ఉంటారు. జబ్బుకు తోడు నా తోలు సీట్ల భయం కూడా వాళ్ల చేత మోయించాను.

కారు అమ్మి వ్యాను కొనుక్కోమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నా ఒక్కదానితో చెప్తే చాలదు సార్. అందరి ముందర అమ్మకూడదన్నారు. ఇప్పుడు అమ్మితే దానమిచ్చిన కారు తినేసినారంటారు. రేపు మందులకు ఎవురూ రూపాయి ఇయ్యరు. వాళ్ల ముందరే మీరు చెప్పాల."

సరేనన్నాను గానీ చాలా రోజులు ఆ పని చేయలేదు. రైతు బస్సుల్లోనే అవస్థ పడుతున్నాడని తెలిసీ వాయిదా వేశాను. ఆమె ఒక్కసారి కూడా ఫోను చేసి తొందరపెట్టలేదు. ఒకరోజు తోటి వ్యాపారి అంగడికొచ్చి, "నీ కారు పుణ్యాన ఎంతమంది బతుకుతాండారో అన్నా" అన్నాడు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదని అప్పుడు తెలిసింది. కారుతోబాటు నా పరువుకు కూడా కవరు కప్పి కాపాడుతోంది. నేనైతే ఆపాటికి ఊరంతా చాటి ఉండేవాణ్ణి.

ఆ వారమే అందరినీ మళ్లీ పిలిచాను. అంగడిలో చీరలు పరిచే పరుపుల మీదే కూర్చున్నాం. విషయం చెప్పాను.

"ఏమప్పా, దానమిచ్చి మళ్లా బేరం పెడతాండావా?" అన్నాడొకాయన. అందరూ నవ్వారు.

"బేరం కాదు. పనికిరాని షరతు పెట్టినా. తప్పు నాది. కారు ఆమెది, అమ్ముకుంటాది" అన్నాను. నవ్వు ఆగిపోయింది.

వెనక కూర్చున్న సిస్టరమ్మ లేచి, "అందరూ ఇన్నారు గదా?" అని అడిగింది. విన్నామన్నాక కూర్చుంది.

కారు బెంగళూరుకు పోయింది. హిందూపురంలో పాత వ్యాను దొరికింది. లోపల ఇంకా ఉల్లిగడ్డల వాసన. మెట్టు మాత్రం మోకాలికి చాలా కిందే ఉంది. అది బయలుదేరే మొదటి ఉదయం పూలదండ తీసుకుని పెనుకొండ వెళ్లాను. ఎక్కడ కట్టాలా అని వ్యాను తలుపు దగ్గరే నిలబడి చూస్తున్నాను.

"దండ తర్వాత కడుదురు గానీ, అడ్డం జరగండి సార్. టైమైతాంది" అని కేకేసింది సిస్టరమ్మ.

జరిగాను. రైతు కమ్మీ పట్టుకుని తనంతట తానే ఎక్కి, కిటికీ పక్కన కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.