చెవులు తగలని పెట్టె

మా కుక్క ముక్కు చివర నుంచి తోక మొదలు దాకా తొంభై ఎనిమిది సెంటీమీటర్లు. నేల నుంచి ముందుకాలి మోచేతి దాకా ముప్పై ఎనిమిది. భుజాల దగ్గర వెడల్పు ఇరవై ఆరు. తలెత్తి నిలబడితే చెవుల కొసల దాకా డెబ్బై ఎనిమిది. ఈ నాలుగు అంకెలూ నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

అప్పుడు నేను భద్రాచలంలో ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. జర్మనీలో నర్సు ఉద్యోగానికి ఎంపికయ్యాను. ఇంట్లో నేనూ కుక్కా తప్ప మూడో ప్రాణి లేదు. అంతకు ఐదేళ్ల ముందు గోదావరి వరద తీసిన వారంలో, బురదలో మునిగి తేలిన కుక్కపిల్ల ఒకటి ఆసుపత్రి మెట్ల మీదికి వచ్చి కూర్చుంది. ఎవరైనా తీసుకుపోయేదాకా అని ఇంటికి తెచ్చాను. ఎవరూ రాలేదు, అది పెరుగుతూనే పోయింది. దాని తండ్రిది ఏ జాతో గాని, రెండేళ్లకల్లా నలభై రెండు కిలోలైంది. కొత్తవాళ్లు దాన్ని చూసి వీధి మారేవారు. అదేమో విప్పిన గొడుగు కనబడితే నా వెనక దాక్కునేది.

దాన్ని వెంట తీసుకుపోతానంటే అందరూ నవ్వారు. నవ్వనిది మా వార్డు ఆయమ్మ ఒక్కతే. ఆమెది అడవిలోపలి కోయగూడెం. నాకు డ్యూటీ పొడిగించినప్పుడల్లా కుక్కకు అన్నం పెట్టేది ఆమే. నిజానికి ముందు ఆమెనే అడిగాను, ఉంచుకుంటావా అని.

"నేనేడ ఉంచుకుంటనమ్మా? ఇంట్ల కోళ్లున్నయ్. ఇది వచ్చిన నాడే ఒక్కటి మిగలదు" అంది. మళ్లీ తనే, "తోలుకపోతే తోలుకపో గని, మధ్యల ఇడిసిపెట్టకు" అంది.

కాగితాల పని ఖమ్మంలో పశువుల డాక్టరు మొదలుపెట్టాడు. మెడ దగ్గర చర్మం కింద గుర్తింపు చిప్ వేశాడు, రేబీస్ టీకా ఇచ్చాడు, కొన్నాళ్లకు టీకా పట్టిందో లేదో చూడ్డానికి రక్తం తీసి బయటిదేశం ల్యాబుకు పంపించాడు. ఫలితం బాగానే వచ్చింది గాని, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలన్నారు. "ఈలోపు పెట్టె చూసుకోండి మేడం" అన్నాడు హైదరాబాద్ కార్గో ఏజెంటు ఫోన్లో. పెట్టెదేముంది, కొనుక్కోవడమే కదా అనుకున్నాను.

ఖమ్మంలో కుక్కల సామాను అమ్మే దుకాణంలో మడతపెట్టే ఇనుప బోను చూపించారు. అది విమానానికి పనికిరాదని ఏజెంటు అన్నాడు. హైదరాబాద్‌లో విమానాల కోసమే చేసిన ప్లాస్టిక్ పెట్టె దొరికింది. అక్కడ ఉన్నవాటిలో అదే పెద్దది. రెండు ముక్కలుగా విప్పించి బస్సు డిక్కీలో వేయించుకుని తెచ్చాను. కుక్క లోపలికి దూరింది, తిరిగింది కూడా. తలెత్తితే మాత్రం చెవులు పైకప్పుకు తగిలి వంగిపోతున్నాయి. బిస్కెట్ కింద పెట్టి, అది తల దించినప్పుడు నాలుగు ఫోటోలు తీసి పంపాను.

ఏజెంటు వెంటనే ఫోన్ చేశాడు. "మేడం, తల దించినప్పుడు తీసిన్రు గదా. గిట్ల నడవదు. కౌంటర్ కాడ టేపు పెట్టి కొలుస్తరు. ఆడ ఆపితే మీరు పోతరు, కుక్క ఉంటది."

అతను కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ సిగ్గేసింది. ఇరవై గంటలు మెడ వంచుకుని కూర్చోవాల్సింది నేనైతే అలా ఫోటో తీసేదాన్నా?

తలుపులకీ మంచాలకీ మా దగ్గర పేరున్న వడ్రంగి మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. యాభై దాటిన మనిషి. విషయం వినగానే లుంగీ కాస్త పైకి జరిపి పిక్క మీద మచ్చ చూపించాడు. "చిన్నప్పుడు కరిచింది సిస్టర్. పెట్టె చేస్త గని, దాన్ని నా షెడ్డులకు తేవద్దు."

నేను విమానం వాళ్ల లెక్క చెప్పాను. ఒంటి పొడవుకు మోచేతి ఎత్తులో సగం కలిపితే పెట్టె పొడవు. భుజాల వెడల్పుకు రెట్టింపు పెట్టె వెడల్పు. చెవుల మీద నాలుగు వేళ్ల ఖాళీ. "పెండ్లి మంచానికి గూడ ఇన్ని కొలతలుండయ్" అంటూ గోడ మీద పెన్సిల్‌తో రాసుకున్నాడు.

వారానికి కబురు చేశాడు. వెళ్లి చూస్తే టేకు పెట్టె. మూలలు ఒకదాంట్లో ఒకటి కూర్చునేలా కోసి, నూనె పట్టించి, నిగనిగలాడేలా చేశాడు. ఇద్దరు మనుషులు కూడా లేపలేనంత బరువు. సంబరంగా ఫోటో పంపాను. మామూలు చెక్క కుదరదని, వేడిచేసి ముద్ర వేసిన చెక్కన్నా ఉండాలి, లేదంటే ప్లైవుడ్డన్నా వాడాలని ఏజెంటు చెప్పాడు. చెక్కలోని పురుగులు దేశం దాటకుండా ఆ నియమమట. ముందే అడగకపోవడం నాదే తప్పు.

మేస్త్రీతో ఆ మాట చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

"చుట్టూ అడివి పెట్టుకొని ప్లైవుడ్డా?" అన్నాడు. పెట్టె మూత మీద అరచేత్తో ఒకసారి నిమిరాడు. "సరే, ఇది ఎవరికన్న బట్టల పెట్టె అయితది తియ్."

రెండో పెట్టె ప్లైవుడ్డుతో చేశాడు. నాలుగు పక్కలా గాలికి కిటికీలు, వాటికి ఇనుప జాలీ. అంతా అయ్యాక అడిగాడు: "ఎన్ని గంటలుంటది అండ్ల?"

"అన్నీ కలిపితే ఇరవై దాకా."

ఆయన చెప్పులు విడిచి, మోకాళ్ల మీద పాక్కుంటూ పెట్టెలోకి పోయాడు. "తలుపెయ్ సిస్టర్. పోయి చాయ్ తాగిరా" అన్నాడు లోపల్నుంచి. నేను గడియ వేశాను గాని ఎక్కడికీ పోలేదు. రేకుల షెడ్డు, మిట్టమధ్యాహ్నం. జాలీలోంచి ఆయన మోకాలు ఒకటే కనబడుతోంది. పావుగంటకు తలుపు తట్టాడు. బయటికొచ్చేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. నా వైపు చూడకుండా డ్రిల్లింగ్ మిషన్ తీసుకుని, అడుగుకు జానెడు పైన చుట్టూ ఒక వరుస బెజ్జాలు వేశాడు. "పండుకుంటే మూతి కాడ గాలాడుతలేదు" అన్నాడు. తర్వాత ఉప్పు కాగితం తీసుకుని లోపలి అంచులన్నీ సాయంత్రం దాకా రుద్దుతూ కూర్చున్నాడు.

ఇంటికి తెచ్చిన పెట్టెను కుక్క రెండు వారాలు దూరం నుంచే చూసి గుర్రుమంది. నేను బతిమాలాను, కసిరాను, ఏడ్చాను.

"నువ్ పిలవకమ్మా. నువ్ పిలుస్తుంటే దానికి అనుమానమైతంది" అంది ఆయమ్మ. తన పాత చీర లోపల పరిచింది. ఎండుచేప ముక్క ఒకటి వెనక మూలన పెట్టింది. పెట్టెకు వీపు పెట్టి కూర్చుని, ఏమీ పట్టనట్టు చింతపండులో గింజలు తీసింది. రోజూ అంతే.

ఒక మధ్యాహ్నం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కుక్క పెట్టెలో నిద్రపోతోంది. తోక బయట ఉంది. నేననుకున్నంత సంతోషం కలగలేదు. అది మమ్మల్ని నమ్మింది. దేనికి నమ్మిందో దానికి తెలియదు.

బయల్దేరే రోజు హైదరాబాద్‌కు మాట్లాడిన ట్రాలీ ఆటో వెనక పెట్టె ఎక్కించాం. స్క్రూడ్రైవర్ సంచితో మేస్త్రీ వచ్చాడు. "తొవ్వల ఏదన్న ఊడితే ఎవరు చూస్తరు?" అంటూ వెనకే ఎక్కి కూర్చున్నాడు. ఖమ్మం దాటాక కుసుమంచి దగ్గర చాయ్ కోసం ఆగినప్పుడు దిగి చూశాను. ఆయన రెండు వేళ్లు జాలీలో ఉన్నాయి. కుక్క వాటిని నాకుతోంది. నన్ను చూసి చెయ్యి లాక్కుని, "నీళ్లు కావాలేమోనని చూస్తున్న" అన్నాడు.

విమానాశ్రయం కార్గో కౌంటర్‌లో టేపు పెట్టారు. చెవుల మీద ఖాళీ సరిపోయింది. తలుపు కీళ్లకు స్క్రూలు చాలవు, బోల్టులు కావాలన్నారు. ఆయన సంచి విప్పి అక్కడే నేల మీద కూర్చుని బిగించాడు. పెట్టె లోపలికి పోతుంటే, "అరవలేదు సూడు, అస్సలు అరవలేదు" అని పక్కకు తిరిగాడు.

జర్మనీలో దిగాక విమానాశ్రయంలో ఒక పశువైద్యురాలు పెట్టె తలుపు తీసింది. కుక్క కదల్లేదు. నేను సిమెంటు నేల మీద కూర్చున్నాను. నేర్చుకున్న జర్మన్ అంతా మరిచిపోయి, "రా నాన్నా, వచ్చినం" అన్నాను. ఏ భాషలో చెబితే వింటుందని ఆమె అడిగింది. తెలుగు అన్నాను. ఆమె ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకుంది. ఈలోపు ముందు ఒక కాలు, తర్వాత రెండోది బయటికొచ్చాయి.

నా గది ఉన్న ఊరికి రైల్లో పోవాలి. పెట్టె రైలెక్కదు. ఉంచాలా పారేయాలా అని అడిగారు. పారేయమని సంతకం పెట్టాను. అక్కడ రైల్లో పెద్ద కుక్కలకు పిల్లల టికెట్టేనట, తీసుకోమంటే తీసుకున్నాను. అది దారంతా నా కాళ్ల మీద తల పెట్టి వణుకుతూనే ఉంది. దాని కోసం తెచ్చానా, నా కోసం తెచ్చుకున్నానా అన్న ప్రశ్న ఆ రోజే మొదలైంది.

మర్నాడు మేస్త్రీకి ఫోన్ చేశాను. కుక్క తిన్నదా అని అడిగాడు. తర్వాత, "పెట్టె?" అన్నాడు.

అబద్ధం చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను. "ఆడనే వదిలేసిన మేస్త్రీ."

"మంచి పని చేసినవ్. మల్ల దాన్ల కూసునే పని లేదు గదా" అన్నాడు.